పోతరాజు ఎవరి కొడుకు?



ఆషాఢమాసం వచ్చిందంటే మన పాతబస్తీ గృహిణులకు ఊపిరి సలపని పనే కదా! ఇల్లు దులుపుకోవాలి, గడపలకు పసుపు రాయాలి, కొత్త కుండకు సున్నం, పసుపు, కుంకుమ బొట్లు పెట్టుకోవాలి, వేపమండలు తెప్పించుకోవాలి, పెళ్ళయిన ఆడబిడ్డలను పుట్టింటికి పిలుచుకోవాలి. ఇంత హడావుడిలో మొన్న మా మేనకోడలు నన్ను ఒక ప్రశ్న అడిగింది. నాలుగో తరగతి చదువుతున్న పిల్ల. బళ్ళో వంశవృక్షం గీసుకు రమ్మన్నారట. పెద్ద అట్టమీద చెట్టు బొమ్మ గీసుకుని, కొమ్మకొక పేరు రాస్తూ కూర్చుంది.

"అత్తా, పోతరాజు వాళ్ళమ్మ ఎవరు? నాయన ఎవరు?" అంది ఉన్నట్టుండి.

"పోతరాజు సంగతి నీకెందుకే? నీ చెట్టు నువ్వు గీసుకో" అన్నాను నేను.

"మా నాన్న పోతరాజే కదా!" అంది.

నా చేతిలో చీపురు ఆగిపోయింది. ఆ పిల్లకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాలుగు రోజులు పెద్దవాళ్ళను అడిగి, నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ గ్రంథాలయానికి పోయి, దొరికినంత చదివి వచ్చాను. అలా తెలుసుకున్నదీ, నా బతుకులో తెలిసివచ్చిందీ కలిపి ఇవాళ మీతో ముచ్చటిస్తాను.

పోతరాజును మీకు పరిచయం చెయ్యక్కరలేదు. గోల్కొండ జగదంబిక గుడిలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి జాతర దాటి, చివరకు మన లాల్‌దర్వాజా సింహవాహినీ మహంకాళి దగ్గరకు వచ్చే బోనాలలో, పలహారం బండి ముందు ఆడేది ఆయనే. ఒళ్ళంతా పసుపు, నుదుట ఇంత కుంకుమ, నడుముకు ఎర్రబట్ట, వేపమండలు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా. డప్పు మోగితే చాలు, గల్లీలో చిన్నపిల్లలంతా తల్లుల కొంగుల చాటుకు పరుగెత్తుతారు. నేనూ అలా పరుగెత్తినదాన్నే.

మరి ఆయన ఎవరు? ఏ ముసలమ్మనడిగినా తడుముకోకుండా చెప్పే జవాబు ఒక్కటే: "అమ్మవారికి తమ్ముడు." పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, పెద్దమ్మ, అంకాలమ్మ, పోలేరమ్మ, మారెమ్మ అని అక్కచెల్లెళ్ళ పేర్లు ఊరికొక తీరుగా చెబుతారు. ఒకచోట ఉన్న పేరు మరోచోట ఉండదు. ఏడుగురన్న లెక్క మాత్రం తప్పదు. ఆ ఏడుగురికీ ఒక్కడే తోబుట్టువు పోతరాజు. సరే, ఆ ఏడుగురికీ తల్లిదండ్రులెవరమ్మా అంటే, "అమ్మలకే అమ్మలు, వాళ్ళకు వేరే అమ్మ ఎవరే?" అని మనల్నే మందలిస్తారు. అక్కల పుట్టుకే ఎవరూ ఆరా తీయనప్పుడు, తమ్ముడి పుట్టుక అడిగేదెవరు?

చదువుకున్నవాళ్ళు మాత్రం అడిగారు. మద్రాసులో బిషప్పుగా ఉండిన హెన్రీ వైట్‌హెడ్ దక్షిణదేశపు గ్రామదేవతలను గురించి 1916లో ఒక పుస్తకం అచ్చువేశారు. తెలుగు ఊళ్ళలో పోతురాజును కొన్నిచోట్ల అమ్మవారి తమ్ముడంటారనీ, కొన్నిచోట్ల భర్త అంటారనీ ఆయన రాసుకున్నారు. కోస్తా జిల్లాలలో అయితే పోతురాజు మనిషి వేషంలో కాక, గుడి ఎదుట పాతిన రాయిగానో, కర్రగానో ఉంటాడు. అమ్మవారు లోపల, తమ్ముడు బయట ఎండలో, వానలో. మడెలెన్ బియార్దో అనే ఫ్రెంచి విదుషీమణి ఇలాంటి పాతిన స్తంభాల మీదనే ఏళ్ళ తరబడి పనిచేసి 1989లో ఒక గ్రంథం ప్రచురించింది. మనం రోజూ చూసే రాయి, రోజూ దాటిపోయే కర్ర! వాటికోసం ఆమె అంతదూరం నుంచి వచ్చింది చూడండి.

తమిళదేశానికి పోతే చుట్టరికం మళ్ళీ మారిపోతుంది. అక్కడ సెంజి ప్రాంతంలో ద్రౌపదమ్మ గుళ్ళున్నాయి. ఆ గుళ్ళ ముందు కావలి ఉండేవాడు పోత్తురాజు. భారతయుద్ధం గెలవడానికి కావలసిన వస్తువులు ఈయన దగ్గర ఉన్నాయట. వాటిలో కొరడా కూడా ఒకటి. వాటికోసం పాండవులు తమ చెల్లెలిని ఆయనకిచ్చి పెళ్ళి చేశారని అక్కడి కథ. పాండవులకు చెల్లెలున్నట్టు వ్యాసుల వారు ఎక్కడా చెప్పలేదు. ఐనా ఆ ఊళ్ళవాళ్ళకు ఆమె పేరు శంఖవతి అని కూడా తెలుసు! ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే అమెరికా పండితుడు 1988లో వచ్చిన తన పుస్తకంలో ఈ కథలన్నీ వివరంగా రాశారు.

ఇక పేరు సంగతి. పోతు అంటే మగ జంతువని మనకు తెలుసు. దున్నపోతు, మేకపోతు అంటాం కదా. అందుచేత పోతురాజు అంటే దున్నపోతుల రాజేననీ, దేవి చేతిలో ఓడిన మహిషుడే పొగరణిగి ఆమె వాకిట కావలివాడై నిలిచాడనీ కొందరు పండితుల ఊహ. అదే నిజమైతే, మొన్నటి శత్రువే ఇవాళ్టి తమ్ముడన్నమాట.

తమ్ముడు, భర్త, బావగారు, శత్రువు. ఒక్క మనిషికి ఇన్ని చుట్టరికాలు! కానీ ఇన్ని కథలలోనూ ఆయన చేసే పని మాత్రం ఒక్కటే. అమ్మవారికి ముందు నిలబడటం. ఆమె లోపల ఉంటే వాకిట్లో నిలబడతాడు, ఆమె ఊరేగితే ముందు నడుస్తాడు. ఎవరి కొడుకన్న దానికి ఊరికొక జవాబుంది గాని, ఏం చేస్తాడన్న దానికి అన్ని ఊళ్ళలోనూ ఒకటే జవాబు.

గ్రంథాలయంలో ఈ పుస్తకాల పక్కనే నాకు గ్రీకుల పురాణకథల పుస్తకం ఒకటి కనిపించింది. అందులోనూ అక్కచెల్లెళ్ళ నడుమ ఒక్కడే మగబిడ్డ కథ ఉంది. ఆయన పేరు హయాస్. జ్యూస్, హెర్క్యులిస్ వంటి పేర్లు మన పిల్లలకు కూడా తెలుసు గాని ఈయన సంగతి పెద్దగా ఎవరికీ తెలియదు. ఆకాశాన్ని భుజాలమీద మోసే అట్లాస్ ఈయన తండ్రి. తల్లి ఈత్రా అని కొందరు, ప్లెయోనీ అని కొందరు. చూశారా, అక్కడా తల్లి దగ్గర తగువే! తోడబుట్టినవాళ్ళు పన్నెండుమంది ఆడపిల్లలని ఒక లెక్క. హయాస్ వేటకు పోయి అడవిలో మృగం వాతబడి చనిపోయాడు. సింహమని కొందరు, అడవిపంది అని కొందరు. తమ్ముడి కోసం ఐదుగురు అక్కచెల్లెళ్ళు ఏడ్చి ఏడ్చి ప్రాణాలు విడిచి ఆకాశంలో చుక్కలయ్యారు. వాళ్ళనే హయడీస్ అంటారు. ఆ చుక్కలు కనబడే వేళను బట్టి ఆ దేశపు రైతులు, పడవవాళ్ళు వానలు లెక్కపెట్టుకునేవారట. ఆడవాళ్ళ కన్నీళ్ళే వానలన్నమాట. మిగిలిన ఏడుగురూ ప్లెయడీస్ అయ్యారు. అవే మన కృత్తికలు.

ఇక్కడొక చిత్రం ఉంది. వానకు సంబంధించిన గ్రీకు మాట నుంచి ముందు ఆ చుక్కలకు పేరు వచ్చిందనీ, ఆ పేరుకు కారణం చెప్పడానికి తరువాత ఈ తమ్ముడిని కల్పించి ఉంటారనీ కొందరు పండితులంటారు. అంటే అక్కచెల్లెళ్ళను బట్టి తమ్ముడు పుట్టాడు! పోతరాజు కథ కూడా అంతే కదా. అక్కలు లేకపోతే ఆయనకు ఊరూ లేదు, పేరూ లేదు.

కృత్తికలంటే గుర్తుకొచ్చింది. కుమారస్వామిని కన్నది వాళ్ళు కాదు. రెల్లుపొదలో దొరికిన బిడ్డకు పాలిచ్చారు, అంతే. అయినా ఆయన కార్తికేయుడయ్యాడు. పాలిచ్చిన తల్లుల పేరే పెట్టుకున్నాడు. దేవసేనాపతిని పట్టుకుని ఎవరి కొడుకువయ్యా అని నిలదీసినవాళ్ళు లేరు.

మనుషులను మాత్రం నిలదీస్తాం. ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను.

మా పుట్టిల్లు గౌలిపురాలో. మేము నలుగురం అక్కచెల్లెళ్ళం. మగపిల్లలు లేరు. నాయన పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. మా గల్లీలో ఒక చిన్న గది కిరాయికి తీసుకుని పూలమ్ముకునే ఆమె ఒకామె ఉండేది. భర్త ఎప్పుడో విడిచిపోయాడు. మూడేళ్ళ కొడుకు. ఆమె పొద్దున్నే పూలకు పోతే పిల్లవాడు మా ఇంట్లో మాతోపాటే ఆడుకునేవాడు. 1989లో, ఆషాఢంలోనే, ఆమె జ్వరంతో మంచం పట్టి పది రోజుల్లో పోయింది. నాయన చుట్టాల కోసం వాకబు చేశాడు. ఎవరూ రాలేదు. నాలుగో నాటి రాత్రి అమ్మ మా నలుగురికీ అన్నం పెడుతూ ఐదో పళ్ళెం కూడా వేసింది. అంతే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆనాటి నుంచి వాడు మా తమ్ముడు.

బళ్ళో వేసేటప్పుడు తండ్రి పేరు దగ్గర నాయన తన పేరే రాయించాడు. రాఖీలు కట్టాం, కొట్టుకున్నాం, తిట్టుకున్నాం. 2005లో, పంతొమ్మిదేళ్ళప్పుడు, మొదటిసారి వాడు ఒంటికి పసుపు పూసుకుని మా నలుగురి బోనాల ముందు ఆడాడు. బోనమెత్తినదానికి అమ్మవారే నెత్తిమీద ఉన్నట్టంటారు, అందుకే వాకిలివాకిలికీ ఆగి ఆడవాళ్ళు కాళ్ళమీద నీళ్ళు పోస్తారు. బరువు తలమీద, దీపం బోనంమీద, కళ్ళలోకి చెమట, చుట్టూ జనం. అప్పుడు ముందు కొరడా చప్పుడు వినిపిస్తుంటే దారి దానంతటదే విచ్చుకుంటుంది. ఆ ధైర్యం బోనమెత్తినవాళ్ళకే తెలుస్తుంది.

2012లో తమ్ముడికి సంబంధం చూశాం. కార్వాన్ నుంచి పిల్ల తరఫువాళ్ళు వచ్చారు. మాటల్లో పెద్దమనిషి ఒకాయన, "నలుగురాడపిల్లల తర్వాత పుట్టినోడా?" అనడిగాడు. అమ్మ నోరు విప్పేలోపల నేను అందుకున్నాను. "మా చిన్నమ్మ కొడుకండి. చిన్నమ్మ పోతే మా ఇంట్లనే పెరిగిండు" అన్నాను. ఎందుకన్నాను? సంబంధం చెడిపోకూడదని. వాడి మంచికేనని. అబద్ధం ఆడేవాళ్ళందరూ చెప్పే కారణమే నాదీనూ.

అమ్మ నావైపు ఒక్కసారి చూసింది. తరువాత వాళ్ళతో అంది: "కాదమ్మా. మా గల్లీల పూలమ్ముకునే ఆమె కొడుకు. మూడేండ్లప్పుడు ఆమె సచ్చిపోయింది. అప్పటిసంది నా కొడుకు. మీకు ఇష్టముంటే ఇయ్యుండ్రి, లేకుంటే లేదు."

చాయ్ పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు మా తమ్ముడు. రెండు మాటలూ విన్నాడు. వచ్చినవాళ్ళు చాయ్ తాగి పోయారు. మళ్ళీ కబురు రాలేదు.

ఆ ఏడు ఆషాఢం వచ్చింది. వాడు పసుపు పూసుకోలేదు. అడిగితే, "ఈసారి ఎవరన్న వేరేటోళ్ళు చేస్తరు తియ్యక్కా" అన్నాడు. కోపం లేదు, గొడవ లేదు. ఆ ఆదివారం నేను బోనమెత్తుకుని గుడికి నడిచాను. ఊళ్ళో పోతరాజులకేం కొదువ? ముందూ వెనకా ఎందరో ఆడుతున్నారు. కానీ నా ముందు ఎవరూ లేరు. ముప్పైరెండేళ్ళు వచ్చినదాన్ని, బోనం కింద పడిపోతుందేమోనని మొదటిసారి భయపడ్డాను.

ఇంటికి వచ్చి బోనం దింపి, వాడి దగ్గర కూర్చుని, "తప్పు నాదేరా" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు అన్నాడు: "నువ్వు నన్ను దాచిపెట్టాలనుకున్నవ్ అక్కా. అమ్మ దాచలే."

అంతకంటే ఇంకేమీ అనలేదు. అనవలసిందీ లేదు. మరుసటి ఏడు నేనే గిన్నెలో పసుపు, నూనె కలిపి పట్టుకుపోయి వాడి ముందు పెట్టాను. ఒకమాటు గిన్నె వంక చూసి, చొక్కా విప్పి నిలబడ్డాడు. వీపుకు పసుపు నేనే పూశాను.

2014లో, బోనాలను తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటించిన ఏడే, వాడి పెళ్ళి కూడా అయింది. ఆ పిల్ల తరఫువాళ్ళకు అమ్మ మొదటి రోజే అంతా చెప్పింది. ఆ ఇంటివాళ్ళు మా గల్లీలో నలుగురినడిగి, పిల్లవాడు ఎలాంటివాడో తెలుసుకుని, సరేనన్నారు. మా మేనకోడలు ఆ ఇద్దరి బిడ్డే.

సోదరీమణులారా, ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. మా అమ్మ, నాయన మంచి మనసుతో చేశారు గాని కాగితాలేవీ చేయించలేదు. దానివల్ల తరువాత చిన్నా పెద్దా చిక్కులు చాలా పడ్డాం. దత్తతకు 1956 నుంచీ చట్టం ఉంది. ఇప్పుడైతే 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం, దిక్కులేని బిడ్డ మీ కంటబడితే ఇరవైనాలుగు గంటలలోపల పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో, 1098 నంబరుకో తెలియజెయ్యాలి. పెంచుకోదలచినవాళ్ళు ఆ దారినే పోవాలి. మనం పళ్ళెం వేస్తే సరిపోదు, రేపు ఆ బిడ్డను ఎవరూ వేలెత్తి చూపకుండా కాగితం కూడా ఉండాలి.

ఇక మేనకోడలి ప్రశ్నకు నేను చెప్పిన జవాబేమిటంటారా? చెబుతాను వినండి.

ఆ హయడీస్ చుక్కలు మనకు కొత్తవి కావు. వృషభరాశిలో, ఎద్దు ముఖం మీద, పట్టకారు నోరు తెరిచినట్టు కనిపిస్తాయి. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో మిద్దె ఎక్కి తల ఎత్తండి. సరిగ్గా మన నడినెత్తిన ఉంటాయి. ఆ గుంపులో అన్నిటికంటే పెద్దగా, ఎర్రగా మెరిసేది మన రోహిణి. చూస్తే అన్నీ ఒక్క కడుపున పుట్టినట్టే ఉంటాయి. కానీ ఖగోళశాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే తేలిందేమిటంటే, ఆ గుంపు మనకు సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, రోహిణి సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. అసలు ఆ గుంపులో పుట్టిందే కాదు. వాటికి ముందు, మనవైపుగా నిలబడి ఉంది.

ఈ సంగతి చెప్పి, "నీ నాన్న కూడా అంతేనే. మా గుంపులో పుట్టలేదు, మాకు ముందు నిలబడ్డాడు. పోతరాజు కూడా అంతే" అన్నాను మేనకోడలితో.

పిల్ల కాసేపు ఆలోచించింది. "మరి నా చెట్టులో నాయనమ్మ పేరు ఏది రాయాలి?" అంది. నేను నోరు తెరవలేదు. ఈసారి ముందుగా మాట్లాడకూడదని అనుకున్నాను. మూల మంచం మీద పడుకున్న మా అమ్మ లేచి కూర్చుంది.

"రెండు పేర్లు రాయి బిడ్డా. ముందుగాల ఆమెది, ఎనుక నాది" అంది.

ఆ పూలమ్మే ఆమె పేరు మా అమ్మకు గుర్తుంది. ముప్పైయ్యేళ్ళు దాటినా మరచిపోలేదు. ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. మా తమ్ముడు వాకిట్లో గజ్జెలు తుడుచుకుంటున్నాడు. ఆ పేరు వినబడి ఒక్క క్షణం చెయ్యి ఆపి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

ఈ ఆదివారం మీ గల్లీలో పోతరాజు వస్తే, పిల్లలు భయపడి మీ కొంగు పట్టుకుంటే, భయపడకండని చెప్పండి. ఆయన అమ్మకు తమ్ముడని చెప్పండి. ఎవరి కొడుకని వాళ్ళడిగితే, మీ జవాబు మీరు చెప్పండి. అబద్ధం మాత్రం చెప్పకండి.